మోగని ఆరో గ్లాసు

"ఆ కత్తెర అక్కడ పెట్టు. అది నాది."

మూడు రోజుల మౌనం తరవాత ఆ ఇంట్లో పలికిన మొదటి మాట అది. పలికింది అక్క. మంచం మీద పెట్టె తెరిచి బట్టలు సర్దుతోంది.

తమ్ముడు కత్తెరను బల్ల మీద పెట్టేశాడు. దాన్ని ఎందుకు చేతిలోకి తీసుకున్నాడో అతనికే తెలియదు. యాభై ఆరేళ్ళ మనిషి. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు నమిలేది అతను చేసిపెట్టిన పళ్ళతోనే. వీధిలో అందరికీ 'పళ్ళాయన'. అంతటివాడు అక్క గది గుమ్మంలో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

అక్క గోడవైపు తిరిగి ఏదో అంది.

"ఆఁ?"

ఆవిడ ఇటు తిరిగింది. "గుండీలావిడ మేడ మీద గది ఖాళీగా ఉందన్నాను. మిషన్ని మధ్యాహ్నం బండివాడు వచ్చి తీసుకెళ్తాడు."

"గొణక్కుండా చెప్తే మొదటిసారే వినపడేది కదా!"

అక్క చేతిలో మడత ఆగింది. దాన్ని విప్పి, మళ్ళీ మొదటినుంచీ మడతపెట్టింది.

గుండీలావిడ అంటే రెండు వీధుల అవతల గుండీలూ దారాలూ జిప్పులూ అమ్ముకునే మనిషి. బట్టలు కుట్టే అక్కకు ముప్పై ఏళ్ళ నేస్తం. దూరం పెద్దదేం కాదు, నడిస్తే పది నిమిషాలు. కానీ కుట్టుమిషను గడప దాటిందంటే అది చుట్టపుచూపు ప్రయాణం కాదని తమ్ముడికి తెలుసు. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు. అతను పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ చేసుకుని వచ్చేసింది.

"ఒక్క గ్లాసు కోసం ఇల్లు వదిలి పోతావా?"

"గ్లాసు కోసం కాదు."

"మరి దేనికి? పగలగొట్టావన్నాను. పగిలింది కాబట్టి అన్నాను. అందులో తప్పేముంది?"

"దాని తరవాత ఇంకో మాట అన్నావు."

అతనికి గుర్తుంది. గుర్తులేనట్టు మొహం పెట్టాడు. ఆ విద్య మగవాళ్ళకి ఎవరు నేర్పుతారో గానీ బాగానే నేర్పుతారు.

చుక్క ముట్టని మనిషికి విస్కీ గ్లాసుల పిచ్చేమిటని వీధంతా నవ్వుకుంటుంది. నవ్వుకోనీ. అవి పాత ఇంగ్లీషు కట్ గ్లాసులు. పొట్టిగా, మందంగా, చేతిలో పెడితే చెయ్యి కిందికి దిగేంత బరువు. ఒళ్ళంతా వజ్రాల గళ్ళు, అడుగున నక్షత్రం. మూసలో పోసినవి కావు. ఎవరో పనివాడు తిరిగే చక్రానికి గాజును ఆనించి ఒక్కొక్క గీతా కోసి తీసినవి. రోజంతా మోటారు చక్రం ముందు కూర్చుని కట్టుడు పళ్ళు అరగదీసేవాడికి, ఆ పనికి ఎంత నిలకడైన చెయ్యి కావాలో ఒకరు చెప్పక్కర్లేదు. పేరు తెలియని ఆ పనివాడంటే అతనికి భక్తి.

మొదటి గ్లాసు ఇచ్చింది అక్కే. ఊరు వదిలి వెళ్ళిపోతూ ఎవరో ఖాతాదారు ఆవిడకి ఇచ్చిన ఒంటరి గ్లాసు. "నీ పళ్ళసెట్లు నానబెట్టుకోవడానికి పనికొస్తుందేమో చూడు" అని తెచ్చి అతని ముందు పెట్టింది. అతను దాన్ని కిటికీ వెలుగులో తిప్పాడు. అంతే, దాని మాయలో పడిపోయాడు. అలాంటివే ఆరు కూడబెట్టడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆరోది మొన్న ఆదివారం దొరికింది.

దొరికిన రోజు అక్కతో కలిసి ఇంటికొస్తూ దారి పొడుగునా ఈలవేశాడు. అక్క దాన్ని కడిగి తుడిచి ఇచ్చింది. అతను అరచేతిలో నిలబెట్టి అంచు మీద వేలితో మీటాడు. మంచి కట్ గ్లాసు మీటితే సన్నగా, పొడుగ్గా, చిన్న గంటలా మోగుతుంది. కంటికి కనపడని బీట ఉన్నా మోగదు. ఇది 'టక్' మంది. మళ్ళీ మీటాడు. టక్.

"వేడినీళ్ళలో ముంచావా?"

"చన్నీళ్ళేరా."

"మరి ఎలా పగిలింది?"

"పగల్లేదు."

"మోగట్లేదంటుంటే!"

అక్క గ్లాసు తీసుకుని తనూ ఒకసారి మీటింది. తరవాత గ్లాసు వైపు కాకుండా తమ్ముడి మొహం వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనకుండా కింద పెట్టేసింది. ఆ మౌనాన్ని అతను తప్పు ఒప్పుకోవడం అనుకున్నాడు.

"నీ చేతిలో ఏదీ నిలవదు" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కిందట పెళ్ళయిన ఎనిమిదో నెలలో అక్క ఒక పెట్టెతో తిరిగొచ్చింది. ఎందుకని తమ్ముడు అడగలేదు. ఆవిడ చెప్పలేదు. అడగకపోవడమే అతను ఆవిడకి చేసిన పెద్ద మేలు. ముప్పై ఏళ్ళు మోసిన మేలును ఆదివారం ఒక్క మాటతో నేలకేసి కొట్టాడు.

అదీ సంగతి. ఇప్పుడు పెట్టె మూత పడింది.

"నా మాట నమ్మవు కదా" అంది అక్క అతని వైపు తిరిగి, గొంతు పెంచి. "అమ్మినాయన దగ్గరికే తీసుకెళ్ళి చూపించు. ఆయన మాటన్నా నమ్ము."

"చూపిస్తాను. బీట ఉందని ఆయన నోటితోనే చెప్పిస్తాను."

"చెప్పించు."

అతను తన ఉన్ని మేజోడు ఒకటి తెచ్చి, గ్లాసును అందులో దూర్చి, చంకలో పెట్టుకున్నాడు. వాకిలి దాటుతుంటే వెనకనుంచి అక్క ఇంకేదో అన్నట్టుంది. ఆగలేదు. మొండితనానికి ఆ ఇంట్లో ఇద్దరూ ఇద్దరే.

*

పాతసామాన్ల షాపాయనకి పెద్ద మీసాలు. అందుకని అందరూ మీసాలాయన అంటారు. ఆయన షాపు పక్కనే రేకులు కొట్టే షాపు. ఎప్పుడు వెళ్ళినా ఢమఢమలే. ఇవాళ రేకులాయన తలుపులు మూసి ఉన్నాయి. వీధి కొత్తగా, ఖాళీగా ఉంది.

"ఏంటి సార్, మూడు రోజులకే మొహం మొత్తిందా?"

"తిరిగి ఇవ్వడానికి రాలేదండీ. మా ఇంట్లో బీటపడింది. మీరు ఒకసారి చూసి అవునంటే చాలు."

మీసాలాయన మేజోడులోంచి గ్లాసు బయటకు లాగి నవ్వాడు. అడుగున నోటితో ఆవిరి పట్టించాడు. తయారుచేసినవాళ్ళ ముద్ర ఒక్క క్షణం తెల్లగా తేలి మాయమైంది. గోటితో గళ్ళ అంచు గీరాడు. వెలుతురుకి ఎత్తి చుట్టూ తిప్పాడు. చివరికి అరచేతిలో నిలబెట్టి మీటాడు.

కళ్ళు మూసుకున్నాడు. "ఆహా" అన్నాడు.

"ఆహా ఏంటి? మోగితే కదా."

మీసాలాయన కళ్ళు తెరిచాడు. "మోగలేదా?"

"మీకు వినపడిందా?"

"ఇంకా మోగుతూనే ఉంది సార్."

పళ్ళాయనకి ఒళ్ళు మండింది. "మా అక్క మీకు ఫోన్ చేసిందా?"

"ఆవిడ నాకెందుకు చేస్తారు?"

"మరి ఇద్దరూ ఒకే పాట పాడుతున్నారేం? మళ్ళీ మీటండి."

మీసాలాయన మళ్ళీ మీటాడు. పళ్ళాయన వంగి చెవి దగ్గరగా పెట్టాడు. గోరు గాజుకి తగిలిన చప్పుడు వినిపించింది. దాని తరవాత ఏమీ లేదు.

అప్పుడే పిల్లి కనపడింది.

మూల పాత కుర్చీలో ముడుచుకుని నిద్రపోతోంది. కానీ దాని చెవులు రెండూ నిక్కపొడుచుకుని గ్లాసు వైపు తిరిగి ఉన్నాయి. కాసేపటికి మెల్లగా వాలిపోయాయి. పళ్ళాయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గ్లాసు ఇటివ్వమని చెయ్యి చాపాడు. పిల్లి మళ్ళీ మత్తులో పడేదాకా ఆగి, దానికి వీపు తిప్పి, గ్లాసును ఒంటికి అడ్డం పెట్టుకుని మీటాడు. మెడ తిప్పి చూశాడు.

చెవులు లేచి ఉన్నాయి.

మరోసారి మీటాడు. ఈసారి పిల్లి కళ్ళు కూడా తెరిచి, ఎవడ్రా నిద్ర చెడగొట్టేది అన్నట్టు అతన్ని చూసింది.

మనుషులు కూడబలుక్కుంటారు. పిల్లితో కూడబలుక్కునేదెవరు?

మీసాలాయన స్టూలు లాగి దుమ్ము తుడిచాడు. "కూర్చోండి సార్."

అతను కూర్చోలేదు.

"ఈ సంగతి మీకు తెలుసనే అనుకున్నాను" అన్నాడు మీసాలాయన. వ్యాపారం గొంతు పక్కన పెట్టేసి మాట్లాడాడు.

"ఏం తెలుసని?"

"ఏడాదిన్నరగా మీరిద్దరూ కలిసే వస్తున్నారు కదా. మీరు మీటేవారు. మీ అక్కగారు మీ వెనక నిలబడి వినేవారు. ఇన్ని చూస్తే, 'తీసుకోరా' అన్నది ఈ ఒక్కదానికే. ఆవిడ అనేదాకా నేను కాగితం చుట్టలేదు."

"మా అక్కకి... ఈ మధ్య గ్లాసుల మీద అభిరుచి పెరిగింది."

ఈ మాటే ఎంతమందితో గొప్పగా చెప్పుకున్నాడో! ఇరవై ఏళ్ళు నన్ను వెక్కిరించిన మనిషి, ఇప్పుడు చూడండి, నాకన్నా ముందు చెప్పులేసుకుని బయల్దేరుతోంది అని.

"వానలు పడే రోజుల్లో ఒకటి తీసి పెట్టాను, గుర్తుందా?" అన్నాడు మీసాలాయన. "మీకు తెగ నచ్చింది. పట్టుబట్టారు. ఆవిడ కడుపులో నొప్పని చెప్పి మిమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. ఆ గ్లాసుకి నిజంగానే బీట ఉంది సార్. నాకూ తరవాతే తెలిసింది."

గుర్తుంది. దారంతా అక్కని విసుక్కున్నాడు. ఇంటికెళ్ళగానే ఆవిడ కడుపునొప్పి మాయమైతే, అదీ విసుక్కున్నాడు.

"ఈ రేకుల గోలలో నాకే సరిగ్గా వినపడదు" అన్నాడు మీసాలాయన, అతనికి ఒక దారి ఇద్దామని.

ఇవాళ రేకుల గోల లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

ఇంటికి తిరిగొచ్చేసరికి మిషను లేదు. అది ముప్పై ఏళ్ళు నిలబడ్డ చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు, ఒక నీలం దారం ముక్క మిగిలాయి. అక్క తన తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళింది. దాని కింద చీటీ లేదు. ఉందేమోనని రెండుసార్లు చూశాడు.

నీళ్ళు మరిగితే ఈలవేసే కెటిల్‌ని పొయ్యి మీద పెట్టాడు. అలమరలోంచి మిగతా ఐదు గ్లాసులు తీసి, మేజోడులోంచి ఆరోది తీసి, బల్ల మీద వరసగా పేర్చాడు. ఆరూ ఒకచోట చేరితే అక్కని ఎదురుగా కూర్చోబెట్టుకుని వరసగా మోగించాలని ఎన్నేళ్ళ కోరిక! ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

మొదటిది మీటాడు. అక్క ఇచ్చిన గ్లాసు. మోగింది. అమ్మయ్య అనుకున్నాడు. రెండోది మోగింది. మూడోది కూడా. నాలుగో దగ్గరికొచ్చేసరికి ఒక అనుమానం వచ్చింది. అలాంటి అనుమానం రాకుండా ఉంటే బాగుండేది.

మళ్ళీ మొదటి గ్లాసు దగ్గరికి వచ్చాడు. వేలు గాజుకి తగలకుండా, బెత్తెడు దూరంలో గాలిలో మీటాడు.

మోగింది.

పొడుగ్గా, తీయగా, ఇరవై రెండేళ్ళుగా ఎలా మోగుతోందో అలాగే మోగింది. ఆ మోత గ్లాసులోది కాదు. అతని తలలోది. పాత గ్లాసుల గొంతులు అతనికి కంఠతా వచ్చు. చెవి వినకపోయినా జ్ఞాపకం అప్పజెబుతోంది. ఆరోదాని గొంతు మాత్రం అతను ఎన్నడూ విన్నవాడు కాదు. అందుకే అది మూగదైంది. మూగదైనందుకు అక్క దోషి అయింది.

అతను కుర్చీలో చేరబడ్డాడు. ముప్పై రెండేళ్ళు ఆ మోటారు ముందు కూర్చున్నాడు. చెవుల్లో దూది పెట్టుకోరా అని అక్క చెప్పని రోజు లేదు. దూది పెట్టుకుంటే చక్రం పళ్ళని ఎంత తింటోందో తెలియదు, చప్పుడును బట్టే నా పని, అని ఆవిడకే పాఠం చెప్పేవాడు.

మొహానికి వేడి ఆవిరి తగిలి తలెత్తాడు. కెటిల్ మూతి నుంచి తెల్లగా పొగ పొర్లుతోంది. కిటికీ అద్దం మసకబారిపోయింది. ఎంతసేపటినుంచి మరుగుతోందో! ఈల లేదు.

కాదు. ఈల ఉంది. నిరుడు ఈల పాడైందని ఒక కెటిల్ మార్చాడు. ఈ ఏడాది మొదట్లో ఇంకొకటి. రెండుసార్లూ షాపువాడితో కయ్యం పెట్టుకున్నాడు. అక్క ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి, మిషను మీద ఎంత పనిలో ఉన్నా, పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపేది. ఎందుకంత హడావిడి అని దానికీ కసురుకున్నాడు.

పొయ్యి ఆపాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అతనికి తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో ఇంటిది ఎంత, తన చెవులది ఎంత? చెప్పడానికి మనిషి లేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. పైకి ఏడ్చాడో లోపలే ఏడ్చాడో కూడా సరిగ్గా తెలియలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని ఆరో గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. ఒక చేత్తో మీటి, రెండో చేతి చూపుడువేలు కొసను గాలి తగిలినంత తేలిగ్గా దాని ఒంటికి ఆనించాడు. మిల్లీమీటరులో పదోవంతు తేడా పట్టే వేలు అది.

గాజు వణుకుతోంది.

వేలి కొస కింద సన్నగా, విడవకుండా వణుకుతోంది. మిగతావి కూడా పట్టి చూశాడు. అన్నిటికన్నా ఆరోదే ఎక్కువసేపు వణికింది. ఆరింటిలో మేలైనది ఇదే. అక్క 'తీసుకోరా' అన్నప్పుడు ఆవిడ గొంతులో ఎందుకంత సంబరం ఉందో ఇప్పుడు అర్థమైంది.

గ్లాసును మేజోడులో పెట్టుకుని లేచాడు.

*

గుండీలావిడ షాపులో ఇంకా ఎండ వాలుగా పడుతోంది. సీసాల్లో రంగురంగుల గుండీలు. ఆవిడ అతన్ని చూసి లేవలేదు.

"పైన ఉంది" అంది. "కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకూ ధైర్యంగా ఉండేది."

మెట్లెక్కాడు. గది చిన్నది. అప్పుడే మిషన్ని కిటికీ దగ్గర వేసుకుని, అతనికి వీపు పెట్టి, ఎవరిదో చొక్కా చెయ్యి కుడుతోంది అక్క. అతను గుమ్మంలోనే ఆగాడు. మిషను తిరగడం కనపడుతోంది. నేల గుండా దాని దడ పాదాలకి తెలుస్తోంది.

"గ్లాసు పగల్లేదు" అన్నాడు.

ఆవిడ భుజాలు కొద్దిగా కదిలాయి. మిషను ఆగలేదు.

"నా చెవులే పోయాయి. నీకు తెలుసు. మీసాలాయనకి తెలుసు. ఆయన పిల్లికి కూడా తెలుసు. నాకే తెలియదు."

మిషను ఆగింది. అక్క పూర్తిగా అతని వైపు తిరిగింది. ఎప్పటిలాగే మొహం ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాట విడదీసి మాట్లాడింది. ఏడాదిన్నరగా ఆవిడ ఇలాగే మాట్లాడుతోందని అతను ఇప్పుడే గమనించాడు.

"పిల్లికా?"

"తరవాత చెప్తాను. నువ్వెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? నీకున్నది ఆ ఒక్క సరదా. అందులో నీకు ఇష్టమైంది ఆ మోత. అది ఇంక నీకు లేదురా అని నా నోటితో నేను చెప్పాలా?"

"ఆదివారం చెప్పాల్సింది. నా మొహం మీద చెప్పి ఉంటే..."

"చెప్దామనే చూశాను. నీ మొహం చూసి నోరు రాలేదు." ఆవిడ దారం తెంపింది. "ఆలోపు నువ్వే అనేశావు."

అతను మేజోడును రెండు చేతులతో నలిపాడు. లోపల గ్లాసు గళ్ళు వేళ్ళకి గుచ్చుకున్నాయి.

"ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది అక్కా."

"అన్నావుగా."

"అన్నాను."

"ముప్పై ఏళ్ళు ఆ మాట అననివాడివి నువ్వొక్కడివే. ఊరంతా అంది. నువ్వు అనలేదు కదా అనుకుని బతికాను."

అతను గ్లాసును తీసి మిషను బల్ల మీద, గుడ్డపీలికల మధ్య పెట్టాడు. సాయంత్రపు ఎండ గళ్ళలో పడి ఆవిడ చేతి మీద చుక్కలు చుక్కలుగా చెదిరింది.

మళ్ళీ గుమ్మంలోకి వెనక్కి జరిగి, "ఇంటికొచ్చేయ్" అన్నాడు.

అక్క ఆ చుక్కల వైపు చూసింది. గ్లాసును కొద్దిగా పక్కకి జరిపింది. చొక్కా చెయ్యి మళ్ళీ సూది కింద పెట్టి, కిటికీవైపు తిరిగి మిషను కదిలించింది. తిప్పుతూనే ఏదో అంది.

అన్నదని అతనికి తెలుసు. కిటికీ అద్దంలో ఆవిడ పెదాలు కదలడం చూశాడు. నాలుగైదు మాటలై ఉంటాయి. వస్తాననో, రాననో. మెట్ల కింద నుంచి గుండీలావిడ తలెత్తి చూసింది. ఆవిడకి కూడా వినపడినట్టుంది. అతనొక్కడికే వినపడలేదు.

గొణక్కుండా చెప్పు అనే మాట అలవాటుగా నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపాడు. రెండడుగులు ముందుకు వేసి, మిషను బల్ల అంచు పట్టుకున్నాడు.

"అక్కా, నాకు వినపడలేదు" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనడం అదే మొదటిసారి. "నువ్వేమన్నావో మళ్ళీ చెప్పు."

బల్ల కింద దడ ఆగిపోయింది. ఆవిడ ఇంకా ఇటు తిరగలేదు.